చీరల కింద స్ట్రాబెర్రీలు

మా ఊళ్లో ఏ వస్తువునైనా కడగకుండా ఇంకొకరి చేతిలో పెట్టడం తిట్టినంత పని. మా చెలక చేనుకు అవతల బొగ్గు గని తవ్వి పోసిన మట్టిగుట్ట, మట్టిగుట్టకు అవతల ఓపెన్‌కాస్ట్ గని. అక్కడ లేచిన దుమ్ము ఉతికి ఆరేసిన బట్టల మీద, బర్రె వీపు మీద, తలుపు గొళ్లెం మీద, ఆఖరికి ఎవరో ఇచ్చిపోయిన పెళ్లి కార్డు మీద కూడా వాలుతుంది. అందుకే ఎవరైనా కరివేపాకు రెబ్బ అడిగినా కడిగి ఇస్తాం. కోడిగుడ్డు బదులిచ్చినా కడిగి ఇస్తాం. మా బాపును కన్న తల్లి, బాపమ్మ లింగవ్వ, అందరికన్నా ఒక అడుగు ముందే ఉంటుంది. అంగడిలో కొన్న సబ్బును కూడా ఒకసారి నీళ్లలో ముంచి గాని గూట్లో పెట్టదు.

అలాంటి ఇంటికి పోయిన చలికాలం స్ట్రాబెర్రీ మొక్కలు వచ్చాయి.

దసరా వెళ్లిన వారానికి అవి అట్టపెట్టెల్లో మహాబలేశ్వరం నుంచి వచ్చాయి. మహిళా సంఘం వాళ్లతో జహీరాబాద్ వైపు తోటలు చూడటానికి వెళ్లి వచ్చినప్పటి నుంచి అమ్మ కళ్లలో అదే ఉంది. పెట్టె విప్పితే ఒక్కొక్క మొక్క నా చిటికెన వేలంత. మూడే ఆకులు, వేరుకు అంటుకున్న చిటికెడు తడి. రెండు రాత్రులు చీకటి పెట్టెలో ప్రయాణం చేసి కూడా ఆ ఆకులు పచ్చగా ఉండటం చూసి నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

బాపమ్మ అరుగు మీద నుంచే చూసింది. "గీ గడ్డి కోసమేనా పిల్లా అంత దూరం నుంచి పిలిపిచ్చింది?"

"గడ్డి కాదు అత్తమ్మా, పండు కాస్తది."

"మన చెలకల పత్తే తెల్లగ కాస్తలేదు. పండు కాస్తదట."

అందులో అబద్ధం లేదు. మా పత్తి చాలా ఏళ్లుగా బూడిద రంగులోనే విచ్చుకుంటోంది. మిగతా భూమి గని కిందికి పోగా, బాపమ్మ పేరు మీద ఈ ఒక్క ఎకరం మిగిలింది. దాని మీద జగదీశ్వర్ అనే అతని కన్ను పడింది. కరెంటు ఫ్యాక్టరీ బూడిద తెచ్చి ఇటుకలు పోసే వ్యాపారం అతనిది. కౌలుకిస్తే ఎకరమంతా బూడిద గుట్టలు పోసుకుని ఇటుకలు ఆరబెట్టుకుంటానన్నాడు. బాపమ్మకు ఆ బేరం నచ్చింది. ఏమీ పండని చోట ఇటుకలైనా పండనీ అంది. అమ్మ మాత్రం అన్నం మానేసినంత పని చేసింది. "బూడిద పోసిన నేల మళ్ల నేల కాదు అత్తమ్మా. పొద్దున లేచి మట్టి ముట్టకుంటె నాకు తెల్లారినట్టే ఉండదు. ఒక్క చలికాలం ఇయ్యున్రి."

"ఒక్కటే," అంది బాపమ్మ. "పంట చేతికి రాలేదనుకో, జగదీశ్వర్‌ను పిలుస్త. అప్పుడు నువ్వు ఎదురు చెప్పొద్దు."

మా బాపు భూపాల్ ఈ మాటల్లో ఏ పక్కా చేరలేదు. భూగర్భ గనిలో అతని పని కప్పు నిలబెట్టడం. బొగ్గు తీసిన చోట పైనున్న బండ మనుషుల మీదికి దిగకుండా దిమ్మెలు, ఇనుప కంబాలు పెడుతుంటాడు. ఇంట్లో కూడా అంతే, రెండు వైపుల నుంచి బరువు పడుతుంటే మధ్యలో నిలబడి ఊరుకుంటాడు.

ఎత్తు చేసిన మట్టి బోదెలు, వాటి మీద మల్చింగ్ షీటు, షీటుకు చిల్లులు, చిల్లుకో మొక్క. బడికి పోయే ముందు, వచ్చాక నేను అమ్మతోనే ఉన్నాను. నేను పదో తరగతి. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. సార్ హాజరు పిలిస్తే నేననే 'ఎస్ సార్' నాకే వినబడదు. ఆ మొక్కల దగ్గర మాత్రం ఎంతసేపైనా ఉండగలిగాను. అవి కూడా ఏమీ మాట్లాడకుండా తమ పని చేసుకుంటున్నాయి.

నవంబరు చివర చలి ముదిరిన రోజుల్లో పూలు వచ్చాయి. అయిదు తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొడిపె. రేకులు రాలాక ఆ బొడిపె ఉబ్బడం మొదలైంది. ముందు ఆకుపచ్చగా, తర్వాత పాలిపోయిన తెల్లగా, ఆ తర్వాత ఒక పక్క నుంచి ఎరుపెక్కుతూ. ఒక పొద్దున వెళ్లి చూస్తే బోదె అంచున తలకిందులుగా వేలాడుతూ ఒక పండు, నిలువెల్లా ఎర్రగా ఉంది. మా వైపు ఎరుపు లేక కాదు. మోదుగ పూలున్నాయి, మిరపకాయలున్నాయి. ఈ ఎరుపు లోపల నుంచి వెలుగుతున్నట్టుంది. ఆ రోజు డైరీలో దాని రంగు గురించి మూడు వాక్యాలు రాసి మూడూ కొట్టేశాను.

బాపు డ్యూటీ నుంచి వచ్చేదాకా అమ్మ దాన్ని తెంపనివ్వలేదు. అతను వచ్చాక నీళ్లతో కడిగి, కత్తితో నాలుగు ముక్కలు చేసింది. బాపు కళ్ల చుట్టూ ఇంకా కాటుక పెట్టినట్టు బొగ్గు ఉంది. తన ముక్కను నాలుక మీద పెట్టుకుని నమలకుండా కాసేపు ఊరుకున్నాడు.

నేనూ తిన్నాను. ఐస్‌క్రీంలో, దగ్గు మందులో, పేస్టులో స్ట్రాబెర్రీ అని రాసి ఉండేది నాకు తెలుసు. వాటిని చేసినవాళ్లు ఈ పండును ఒక్కసారీ చూడలేదేమో. ముందు పులుపు తగిలి, ఆ పులుపు వెనక నుంచి తీపి సిగ్గుపడుతూ వచ్చింది. తరువాత చాలాసేపు నోట్లో ఏదో పువ్వు ఉన్నట్టే ఉంది.

నాలుగో ముక్క బాపమ్మది. ఆమె దాన్ని దగ్గరికి తెచ్చుకుని ఎగాదిగా చూసింది.

"గింజలేంది పైన ఉన్నయి?"

"దాని తీరే అంత అత్తమ్మా."

"ఏ పండైనా గింజలు కడుపుల దాచుకుంటది. ఇది ఒంటి మీద పెట్టుకుని తిరుగుతున్నది. సిగ్గులేని పండు. నాకొద్దు, పిల్లకే పెట్టు."

అలా నాకు రెండు ముక్కలు దక్కాయి.

డిసెంబరులో పండ్లు గుత్తులు గుత్తులుగా తిరిగాయి. గోదావరిఖని చౌరస్తాలో పండ్ల బండి పెట్టుకునే సుసన్నమ్మ అమ్మకు ఎప్పటి నుంచో ఎరుక. "క్రిస్మస్‌కు కేకుల మీద పెట్టెతందుకు మా చర్చోళ్లు, కాలనీలోళ్లు అందరు అడుగుతున్నరు రమా. పండుగకు ఒక రోజు ముందు తెచ్చియ్యి, పొద్దు గూకేసరికి ఒక్కటి మిగలనియ్య," అంది ఫోన్‌లో.

పండుగకు రెండు రోజుల ముందు సాయంత్రం అమ్మా నేనూ తెంపాం. గంప నిండింది. తీసుకొచ్చి వాకిట్లో పెట్టి డబ్బాలు పరుస్తుంటే బాపమ్మ అరుగు దిగి వచ్చింది.

"గట్లనే పంపుతవా వాటిని?"

"ఏమైంది అత్తమ్మా?"

"కండ్లతోని చూడు. మీదంత మసి. రేపు బజార్ల లింగవ్వ కోడలు మసి పండ్లు అమ్మింది అంటరు. పండు పోతె పోయింది, నా ఇజ్జత్ పోవద్దు."

నిజమే. గుంతలు గుంతలుగా ఉండే ఆ పండు ఒంటి మీద, ప్రతి గింజ పక్కనా నల్లగా దుమ్ము కూర్చుంది. సన్నగా కాటుక గీత దిద్దినట్టుంది.

బాపమ్మ గంగాళం తెచ్చుకుని తనే ముందు కూర్చుంది. పంట మీద నమ్మకం లేని మనిషి, ఆ పండ్లను పసిపిల్లకు నీళ్లు పోసినట్టు కడిగింది. మొదటి నీళ్లు నల్లబడ్డాయి. రెండో నీళ్లు పలచని చాయ్‌లా అయ్యాయి. మూడో నీళ్లలో పండ్లు తేటగా, కొత్తగా తేలాయి. బాపు కూడా వచ్చి పీట వేసుకున్నాడు. తన మెత్తటి పాత చీర పరిచి బాపమ్మ వాటిని దాని మీద ఆరబోసింది. నలుగురం చుట్టూ కూర్చున్నాం. బల్బు వెలుతురులో అవి మెరుస్తుంటే మాలో ఎవరికీ లేవాలనిపించలేదు.

"ఇప్పుడు దేవునికి పెట్టినా ఏమనడు," అంది బాపమ్మ.

పడుకునే ముందు డబ్బాల్లోకి సర్ది, దుమ్ము పడకుండా మూతలు గట్టిగా బిగించాం.

పొద్దున ఆటోలో ఆ డబ్బాలను ఒడిలో పెట్టుకుని వెళ్లాం. గతుకు వచ్చినప్పుడల్లా అమ్మ రెండు చేతులతో వాటిని పైకెత్తింది. చౌరస్తా అంతా నక్షత్రాల దీపాలు, కాగితం తోరణాలు. సుసన్నమ్మ మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొదటి డబ్బా మూత తీసింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. రెండో డబ్బా తీసింది. మూడోది తీయలేదు, పైకెత్తి అడుగు చూసింది. అడుగున ఎర్రటి నీళ్లు. పండ్లు మెత్తబడి ఒకదానిలోకి ఒకటి దిగిపోయాయి. కొన్నిటి మీద బూజు తెల్లటి నూగులా లేచింది. పులిసిన వాసన వచ్చింది.

"కడిగిన్రా?" అని అడిగింది సుసన్నమ్మ.

"కడగకుంట ఎట్ల తెస్తం అక్కా?"

"అయ్యో రమా. దీనికి తోలు ఏడున్నది? తడి తగిలితె పీల్చుకుంటది, మూత పెడితె ఉక్కకు మురుగుతది. తినేటోళ్లే తినే ముందు కడుక్కోవాలె. మనం కడగొద్దు."

"మరి మసి?"

సుసన్నమ్మ డబ్బా మూత మళ్లీ పెట్టింది. "మసి పండును నా బండి మీద ఎవరు ముట్టరు. అది గూడ నిజమే."

"కడిగితె ఖరాబైతది, కడగకుంటె అమ్ముడుపోదు. ఇగ నేనేం చెయ్యాలె?"

"ఆ సంగతి నాకేం తెలుసు చెల్లే. మీద దుమ్ము ఉండొద్దు, నీళ్లు తగలొద్దు. గట్ల తెస్తె ఎన్ని తెచ్చినా పట్టుకుంట."

బాగున్న నాలుగు పండ్లు ఏరి, జాం చేసుకుంటానని పక్కన పెట్టుకుంది. అది మా మీద దయ. అమ్మకు ఆ సంగతి తెలుసు. అందుకే బండి దాటాక గాని కొంగు కళ్లకు అద్దుకోలేదు.

ఇంటికి రాగానే అమ్మ ఖాళీ డబ్బాలను కడగడానికి కూర్చుంది. బాపమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమన్నది ఆమె?"

అమ్మ తల ఎత్తలేదు. "కడగొద్దట అత్తమ్మా. నీళ్లకు మురిగిపోయినయి."

బాపమ్మ తన రెండు చేతులనూ తిప్పి చూసుకుంది. "ఈ చేతులతోనే కడిగిన."

"మీకేం తెలుసు? మనల ఎవరికి తెల్వదాయె."

ఆ రోజంతా బాపమ్మ అరుగు మీద నుంచి లేవలేదు. సాయంత్రం బాపు డ్యూటీ నుంచి రాగానే అంది, "జగదీశ్వర్‌ను రమ్మను బిడ్డా. కడుక్కుంట బతికినం. కడిగితె చచ్చే పండు మనకు అచ్చిరాదు."

బాపు అమ్మ వైపు చూశాడు. ఎదురు చెప్పొద్దన్న మాట ఉంది కదా, అమ్మ పొయ్యి వైపు తిరిగింది. బాపు ఫోన్ చేశాడు. జగదీశ్వర్ ఏదో పని మీద వరంగల్‌లో ఉన్నాడట. జనవరి సెలవుల్లో వచ్చి జాగ కొలుచుకుంటానన్నాడు.

చెలకలో మాత్రం పండ్లు ఎర్రబడుతూనే ఉన్నాయి. వాటికి ఈ సంగతులేవీ తెలియవు.

క్రిస్మస్ మరునాడు మా బడికి సెలవు. అమ్మ సంఘం మీటింగుకు పోయింది, మధ్యాహ్నం నేను వాకిట్లో చదువుకుంటున్నాను. రెండు గంటలకు సైరన్ కూసింది. గనిలో బ్లాస్టింగ్ చేసే ముందు అది రోజూ కూస్తుంది. కూత వినగానే మా ఊరి ఆడవాళ్లందరి చేతులూ ఒకే పని చేస్తాయి. అన్నం గిన్నె మీద మూత, నీళ్ల బిందె మీద మూత, చల్లకుండ మీద చిబ్బి, ఊయలలో పిల్ల ఉంటే పిల్ల మీద పలచటి బట్ట. ఆ తర్వాత కొద్దిసేపటికి కాళ్ల కింద నేల దడదడలాడుతుంది. గూట్లో గ్లాసులు మోగుతాయి. మట్టిగుట్ట వెనక నుంచి దుమ్ము లేచి, తొందరేమీ లేనట్టు ఊరి మీదికి నడిచి వస్తుంది.

బాపమ్మ లేచి అన్నీ మూసింది. అన్నం, నీళ్లు, పప్పు. ఊరగాయ జాడీ మీద బోర్లించిన గిన్నెను ఒకసారి నొక్కి చూసింది. తలుపు వేయడానికి వచ్చి, గొళ్లెం మీద చెయ్యి పెట్టి, చెలక వైపు చూస్తూ ఆగింది.

నేను పుస్తకం మూయడం మరిచిపోయాను.

బాపమ్మ దండెం మీద ఆరేసి ఉన్న తన చీర లాగింది. తలుపు తెరిచే ఉంది. ఆ వయసులో మోకాళ్లు పట్టుకుని నడిచే మనిషి, చీర భుజాన వేసుకుని చెలక గట్టు ఎక్కేసింది. నేను వెనకాల పరుగెత్తాను. మొదటి బోదె దగ్గర ఆమె చీర విప్పి ఒక కొస నా వైపు విసిరింది. పట్టుకో అని కూడా అనలేదు. ఇద్దరం దాన్ని ఆ బోదె మీద పరిచాం. నేల అదిరింది. దుమ్ము వచ్చింది. ఆమె కొంగు, నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బోదె పక్కనే కూర్చున్నాం.

దుమ్ము పోయాక బాపమ్మ చీరను ఒక అంచు నుంచి జాగ్రత్తగా మడుచుకుంటూ వచ్చింది. పై మడత నల్లగా ఉంది. కింద పండ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె ఒక దాన్ని ముట్టుకుని, వేలు తిప్పి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"అన్నం గిన్నె మీద మూత పెడతం," అంది తనలో తాను. "ఇంత సోయి ఎందుకు రాలేదు?"

కానీ బరువుకు కొన్ని పూలు నలిగాయి, రెండు కాడలు విరిగాయి. సాయంత్రం బాపు వచ్చి చూశాడు. విరిగిన కాడను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ చలికాలంలో అతను చెప్పిన పెద్ద మాట అప్పుడే చెప్పాడు.

"కప్పు లేకుంట బరువు పెడితె ఎట్లవ్వా? గనిల మేం ముందు కప్పు నిలబెడతం. అది నిలబడ్డదంటె దాని కింద ఏదైనా బతుకుతది."

మరునాడు డ్యూటీ దిగి రెండు మోపుల వెదురు బద్దలు తెచ్చాడు. ప్రతి బద్దనూ విల్లులా వంచి, బోదెకు ఇటూ అటూ దిగేసి, చేత్తో ఊపి చూశాడు. బోదె పొడుగునా వరుసగా చిన్న చిన్న కమానులు లేచాయి. భూమి కింద అతను పెట్టే కప్పును నేనెప్పుడూ చూడలేదు. ఇట్లాగే పెడతాడు కాబోలు అనుకున్నాను. ప్రతి కమానునూ రెండుసార్లు ఊపి చూస్తూ, దాని కింద మనుషులు కూర్చుంటారన్నంత పట్టుగా పని చేశాడు. వాటి కింద ఉండేది చేతి వేలంత పండ్లే.

చీరలు సరిపోలేదు. బాపమ్మ ఇంటింటికీ తిరిగింది. అంతకు ముందు పంటను వెక్కిరించిన నోటితోనే ఇప్పుడు చీరలు అడిగింది. ముందు నవ్వారు. "ఏందవ్వా, పండ్లకు చీరలు కట్టిస్తవా? ఆడబిడ్డకు పోసినట్టు ఒడిబియ్యం గూడ పోస్తవా?" అంది పక్కింటి సంతోషి. నవ్వుతూనే సందుగ తెరిచి, సర్కారు పంచితే కట్టకుండా దాచిన బతుకమ్మ చీరలు రెండు తెచ్చి ఇచ్చింది. తర్వాత ఒకరిని చూసి ఒకరు. నారింజ రంగువి, నెమలి కంఠం రంగువి, జరీ అంచువి, పెద్ద పూలవి. అమ్మ వాటిని కొసకు కొస కలిపి కుట్టింది. మట్టిగుట్ట, బొగ్గు లారీలు, నల్లటి రోడ్డు తప్ప ఏమీ కనబడని మా వైపు, మధ్యాహ్నం రెండు గంటలకు సైరన్ కూస్తే చాలు, ఎకరం పొడుగునా రంగులు లేచేవి. ఒక్కొక్క బోదెకు ఇద్దరు. గాలికి చీర ఉబ్బి, బద్దల మీద మెల్లగా దిగేది. దుమ్ము వెళ్లాక మడిచి, గట్టు మీదికి తీసుకెళ్లి దులిపి, దండెం మీద వేసేవాళ్లు. సాయంత్రం ఆ చీరలను ఉతకడం మాత్రం బాపమ్మ ఎవరికీ ఇవ్వలేదు. కడగడానికి ఏదో ఒకటి దొరికింది ఆమెకు.

ఒకరోజు సైరన్ కూసి చీర పరిచాక నేను లేచి పోకుండా చీర అంచు ఎత్తి తల లోపలికి పెట్టి పడుకున్నాను. లోపల వెలుతురంతా నారింజ రంగులో ఉంది. ఆకులు, పూలు, పండ్లు అన్నీ ఆ వెలుతురులో కదలకుండా ఉన్నాయి. భూమి అదిరినప్పుడు నా చెంప కింద మట్టి వణికింది. పండ్లన్నీ ఒక్కసారి ఊగి ఆగాయి. ఆ తర్వాత పైన సన్నటి చప్పుడు మొదలైంది. చాటలో రవ్వ జల్లిస్తున్నట్టుంది. అది చీర మీద దుమ్ము పడే చప్పుడు. పుట్టినప్పటి నుంచి ఆ దుమ్ములోనే ఉన్నాను, అది పడితే చప్పుడు అవుతుందని నాకు తెలియదు. పైన అంత నలుపు పడుతుంటే, జానెడు కింద ఇంత ఎరుపు ఊపిరి బిగబట్టుకుని ఉంది. నేను కూడా ఊపిరి బిగబట్టాను. ఎందుకో ఏడుపు వచ్చింది. అది దుఃఖం మాత్రం కాదు.

తెంపడం మార్చుకున్నాం. తెల్లవారి చలిలో, మంచు ఆరిన వెంటనే, కాడను గోటితో తుంచి, పండును ముట్టుకోకుండా నేరుగా డబ్బాలోకి. మూతలకు అమ్మ సూదితో చిల్లులు పొడిచింది. సుసన్నమ్మ మొదటి డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలితో ఒక పండును తుడిచి, ఆ వేలును ఎండకు పెట్టి చూసింది.

"కడగలేదు గద?"

"లేదక్కా."

"మరి మసేదే?"

అమ్మ నవ్వింది. "చీర కట్టుకుని వచ్చినయి అక్కా."

సుసన్నమ్మకు అర్థం కాలేదు. అయినా డబ్బాలను బండి ముందు వరుసలో, యాపిల్ పండ్లకన్నా ముందు పెట్టింది. డ్యూటీ దిగి వస్తున్న వాళ్లు బండి ముందు ఆగి, ఎక్కడివని అడిగారు. ఊరి పేరు చెబితే ఒకాయన నమ్మలేదు. "గా మట్టిగుట్ట కిందనా? ఎవలకు చెప్తవమ్మా," అన్నాడు. ఒక డబ్బా కొనుక్కుని, నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి ఇంకొకటి కొన్నాడు.

ఇన్ని జరిగినా బాపమ్మ జగదీశ్వర్ సంగతి ఎత్తలేదు. రావద్దని ఫోన్ చేయించలేదు. పండు నోట్లో కూడా పెట్టుకోలేదు. ఇచ్చిన మాట ఆమెకు నీళ్లలో ముంచిన సబ్బు లాంటిది, ఒకసారి గూట్లో పెట్టాక మళ్లీ తీసి చూడదు. అమ్మకు నిద్ర పట్టేది కాదు. రాత్రి నీళ్ల కోసం లేచినప్పుడల్లా ఆమె కళ్లు తెరుచుకునే ఉండేవి.

జనవరి సెలవుల్లో ఒక మధ్యాహ్నం బండి చప్పుడైంది. జగదీశ్వర్ దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో కొలతల టేపు. బాపు డ్యూటీలో ఉన్నాడు. బాపమ్మ, అమ్మ, సంతోషి, రోజూ వచ్చే ఆడవాళ్లు, నేను చెలక దగ్గరే ఉన్నాం.

"పెద్దమ్మా, మంచిగున్నవా? కొలుచుకుంట మరి."

"వచ్చినవా కొడుకా, రా," అంది బాపమ్మ. ఇంకేదో అనబోయింది.

సైరన్ కూసింది.

మాటలు అక్కడే ఆగిపోయాయి. అమ్మ, సంతోషి ఒక బోదెకు పరుగెత్తారు. బాపమ్మ, నేను ఇంకో దానికి, మిగతావాళ్లు తమ తమ బోదెలకు. చివరి బోదె మిగిలింది. రోజూ వచ్చే సారవ్వ జ్వరంతో రాలేదు. ఆ బోదె చీర గట్టు మీద మడత పెట్టినట్టే ఉంది. మా చీర పరిచి, దాని అంచులు బాపమ్మకు వదిలి, నేను ఆ మడత అందుకున్నాను. రెండో కొస పట్టేవాళ్లు లేరు. జగదీశ్వర్ దారిలో నిలబడి ఉన్నాడు.

నాకు మామూలుగా కొత్తవాళ్ల ముఖం వైపు చూడటమే చేతకాదు. ఆ రోజు చీర కొస అతని చేతిలో పెట్టాను.

"కాకా, పట్టుకో. అంచు వదలకు," అన్నాను. నా గొంతు నాకే వినబడింది.

అతను టేపు జేబులో కుక్కి పట్టుకున్నాడు. ఇద్దరం వెనక్కి నడిచి దాన్ని బద్దల మీదికి దించాం. నేల అదిరింది. మట్టిగుట్ట మీద దుమ్ము లేచింది. గాలి అంచును లాగుతుంటే అతను వంగి, మోకాలు కింద ఆనించి, రెండు చేతులతో అదిమి పట్టాడు. దుమ్ము మా మీద నుంచి దాటిపోయింది. అతని తెల్ల చొక్కా భుజాలు నల్లబడ్డాయి. అయినా అతను అంచు వదలలేదు.

దుమ్ము సద్దుమణిగాక బాపమ్మ నడుచుకుంటూ వచ్చి ఆ చీరను తనే మడిచింది. అతను లేవలేదు, కూర్చున్నచోటే బోదె వైపు చూస్తున్నాడు. ఆకుల నీడలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా పండ్లు వేలాడుతున్నాయి.

బాపమ్మ వంగి ఒక పండును కాడ దగ్గర గోటితో తుంచింది. గట్టు మీద నీళ్ల బిందె ఉంది. ఆమె దాని వైపు చూసింది, అలవాటైన చెయ్యి అటే కదిలింది. ఆగింది. పండును తీసుకొచ్చి, కడగకుండా, అతని అరచేతిలో పెట్టింది.

అమ్మ చూసింది. నేను చూశాను. జగదీశ్వర్ కూడా మా వైపువాడే. చేతిలోని పండునూ బాపమ్మ ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నోట్లో వేసుకున్నాడు.

"మరి జాగ సంగతి, పెద్దమ్మా?" అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

"చూస్తున్నవు గద కొడుకా. జాగ ఖాళీ ఏడున్నది?"

అతను తల ఊపాడు. చొక్కా దులుపుకున్నాడు, దులిపితే ఇంకా మరకైంది. బండి ఎక్కబోతుంటే బాపమ్మ పిలిచింది.

"ఇగో కొడుకా, రేపు గూడ రెండు గంటలకు రా. సారవ్వకు జెరమొచ్చింది. ఆ బోదెకు ఒక చెయ్యి తక్కువైతున్నది."

బండి మలుపు తిరిగేదాకా అమ్మ కదలలేదు. తర్వాత బోదె పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతులూ మట్టిలో పెట్టుకుంది. బాపమ్మ ఆమె వైపు చూడనట్టే, ఆకులు పక్కకు జరిపి ఇంకో పండు తుంచింది. అటూ ఇటూ తిప్పింది. పైనున్న గింజలను బొటనవేలితో ఒకసారి నిమిరింది. నోట్లో పెట్టుకుంది. ఉన్న నాలుగు పళ్ల మధ్య గింజలు పటపటమన్నాయి. ఆమె కళ్లు మూసుకుంది. పెదవి పక్కగా ఎర్రటి రసం దిగింది, తుడుచుకోలేదు.

"సిగ్గులేని పండు," అంది ఇంకొకటి తుంచుకుంటూ.